స్టార్ తప్పిన పిల్లాడికి డిప్లొమా రాదా?

మార్చి నెలలో ఒక ఆదివారం మా పక్కింటావిడ ఫోన్ పట్టుకుని వచ్చి, లోపలికి కూడా రాకుండా గడప దగ్గరే నిలబడి, "అక్కా, ఇదొకసారి చూడండి, వీడు పన్నెండు తప్పినట్టేనా?" అంది. మేముండేది డల్లాస్ పక్కన. ఫోన్‌లో స్కూల్ పోర్టల్ తెరిచి ఉంది, 'ఇంగ్లిష్ టూ' అన్న గడిలో 'డిడ్ నాట్ మీట్' అని ఉంది. పిల్లాడేమో విజయవాడలో తొమ్మిది పూర్తిచేసి వచ్చి ఇక్కడ పదిలో చేరాడు, లెక్కల్లో చురుకు, క్లాసులన్నీ పాసే. మరి ఇదేంటి? డిసెంబరులో రాసిన 'స్టార్' అన్న రాష్ట్ర పరీక్ష ఫలితం అది. పోర్టల్‌లోకి ఎప్పుడో వచ్చేసిందట, ఇంట్లో ఎవరూ చూడలేదు, స్కూల్ నుంచి ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. గ్రాడ్యుయేషన్ మే నెలాఖరున. గౌను కొలతలు కూడా ఇచ్చేశారు.

పన్నెండు తప్పలేదు. కానీ అలాగే వదిలేస్తే డిప్లొమా కూడా రాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో మన బుర్రకి వెంటనే ఎక్కదు, ఎందుకంటే మన దగ్గర బోర్డు పరీక్షే తరగతి. పదిలో దాదాపు ప్రతి సబ్జెక్టులో 35 వస్తే పాస్, రాకపోతే సప్లిమెంటరీ, అంతే. ఏడాది పొడుగునా టీచరు ఏమనుకున్నాడన్నది పెద్దగా ఎవరికీ పట్టదు. అమెరికాలో సగం కథ దీనికి తిరగేసి ఉంటుంది. క్లాసు పాస్ చేసేది ఆ టీచరే, ఒక్కో క్లాసుకీ క్రెడిట్ వస్తుంది, అవి కూడితే హైస్కూల్ పూర్తి. టెక్సస్‌లో కనీసం 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్ అని ఒక దారి ఎంచుకున్నవాళ్ళకి 26. దీని పక్కనే, దీనితో సంబంధం లేనట్టుగా, రాష్ట్రం పెట్టే పరీక్ష ఒకటి నడుస్తుంటుంది. కొన్ని రాష్ట్రాల్లో 26 క్రెడిట్లూ చేతిలో ఉన్నా ఆ పరీక్ష గట్టెక్కకపోతే డిప్లొమా ఆగిపోతుంది. (డిప్లొమా అంటే పాలిటెక్నిక్ కాదు, పన్నెండు పాసైనట్టు ఇచ్చే పత్రం. మా అమ్మకి ఇది విడమరిచి చెప్పడానికి ఒక పూట పట్టింది.)

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. హైస్కూల్లో పిల్లలకి పరీక్ష పెట్టమన్నది కేంద్ర చట్టం: 2001 నాటి నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్, దాని స్థానంలో 2015లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్. హైస్కూల్లో కనీసం ఒకసారైనా చదవడం, లెక్కలు, సైన్సుల్లో పరీక్షించమంటుంది. కానీ అది పాసైతేనే డిప్లొమా ఇమ్మని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆ ముడి వేసింది రాష్ట్రాలే, విప్పేదీ రాష్ట్రాలే. అందుకే కాలిఫోర్నియాలో ఉన్న మీ తోడికోడలి మాట, టెక్సస్‌లో ఉన్న మీకు పనికిరాదు. 2010 ప్రాంతంలో దాదాపు సగం రాష్ట్రాల్లో ఇలాంటి పరీక్ష ఉండేది, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాకపోతే ఆ వేళ్ళలో టెక్సస్, న్యూజెర్సీ, వర్జీనియా ఉన్నాయి, అంటే మనవాళ్ళు గుంపులుగా ఉన్న చోట్లే.

టెక్సస్ సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, నేను దగ్గరగా చూసింది అదే కాబట్టి. పరీక్ష పేరు స్టార్. 2011-12లో మొదలుపెట్టినప్పుడు హైస్కూల్ పిల్లలకి ఏకంగా 15 పరీక్షలు పెట్టారు, తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు, 2013లో దాన్ని ఐదుకి దించారు: ఆల్జీబ్రా వన్, ఇంగ్లిష్ వన్, ఇంగ్లిష్ టూ, బయాలజీ, అమెరికా చరిత్ర. ఫలితం నాలుగు మెట్లలో ఇస్తారు. 'డిడ్ నాట్ మీట్' ఒక్కటే తప్పడం. దాని పైన 'అప్రోచెస్', ఆ పైన 'మీట్స్', 'మాస్టర్స్'. అప్రోచెస్ అనగానే ఇంకా అందుకోలేదేమో, తప్పాడేమో అని కంగారుపడి పిల్లల్ని తిట్టినవాళ్ళు నాకు తెలుసు. డిప్లొమాకి అప్రోచెస్ చాలు. ఆల్జీబ్రాలో అయితే 3550 స్కోరు అది.

తప్పితే? మొదటిది మళ్ళీ రాయడం: వసంతంలో, జూన్‌లో, డిసెంబరులో, ఏడాదికి మూడుసార్లు పెడతారు. ఇన్నిసార్లే అన్న లెక్క లేదు. రెండోది కాలేజీ ప్రవేశానికి రాసే శాట్, యాక్ట్, కాలేజీ స్థాయి కోర్సులకి రాసే ఏపీ లాంటి పరీక్షల్లో రాష్ట్రం చెప్పిన స్కోరు ఉంటే దాన్ని బదులుగా చూపించుకోవడం. ఏ పరీక్షకి ఏది బదులు, ఎంత స్కోరు అన్న పట్టిక స్కూల్ కౌన్సెలర్ దగ్గర ఉంటుంది, అడిగితే చూపిస్తారు. మూడోది మనవాళ్ళకి అన్నిటికన్నా పనికొచ్చేది, అన్నిటికన్నా తక్కువమందికి తెలిసింది: టెక్సస్ గవర్నమెంటు స్కూల్లో చేరకముందే వేరే దేశంలో ఆ కోర్సు చదివి, ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం స్కూళ్ళని నడిపే సంస్థ) దానికి క్రెడిట్ ఇస్తే, ఆ కోర్సు తాలూకు స్టార్ పరీక్ష రాయనక్కర్లేదు. మా పక్కింటి పిల్లాడికి ఆల్జీబ్రా వన్, ఇంగ్లిష్ వన్ రెండూ రాయాల్సిన పని అలాగే లేకుండా పోయింది, విజయవాడ స్కూలు ఇచ్చిన తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు పుణ్యమా అని. అది కూడా వాళ్ళమ్మ ఎందుకైనా మంచిదని సూట్‌కేసులో పడేసుకొచ్చింది కాబట్టి. పిల్లల్ని హైస్కూల్ వయసులో తీసుకొచ్చేవాళ్ళకి ఆవకాయ జాడీ బరువు తగ్గినా పర్లేదు, ఎనిమిది నుంచి ప్రతి తరగతి మార్కుల కాగితం, దాని మీద స్కూల్ ముద్ర, హెడ్మాస్టర్ సంతకం ఉండాల్సిందే.

సరే, ఆ పిల్లాడికి మిగిలినవి మూడు. బయాలజీ, చరిత్ర అయిపోయాయి, ఇంగ్లిష్ టూ మాత్రం ఎన్నిసార్లు రాసినా దగ్గరకొచ్చి జారిపోతోంది. చదివిన దాన్ని బట్టి కాసేపట్లో ఒక వ్యాసం రాయాలి, అక్కడే పోతోంది. ఆ వ్యాసాల్ని 2023 డిసెంబరు నుంచి చాలావరకు కంప్యూటరే దిద్దుతోంది, కొన్నిటిని మాత్రం మనుషులు మళ్ళీ చూస్తారు. దాని మీద ఇక్కడి టీచర్లలో ఉన్న గొణుగుడు వేరే కథ. ఏప్రిల్‌లో మళ్ళీ రాయొచ్చు, కానీ ఆ ఫలితం వచ్చేసరికి జూన్, గ్రాడ్యుయేషన్ మేలో. మార్చి శాట్ అప్పటికే అయిపోయింది.

అప్పుడు బయటికొచ్చింది నాలుగో దారి: ఇండివిడ్యువల్ గ్రాడ్యుయేషన్ కమిటీ. 2015లో టెక్సస్ శాసనసభ తెచ్చింది, మొదట రెండేళ్ళకని పెట్టి, పొడిగిస్తూ వచ్చి, 2021లో శాశ్వతం చేసింది. ఐదింట్లో రెండుకి మించకుండా తప్పిన పిల్లాడికి, మిగతా క్రెడిట్లన్నీ ఉంటే, ఒక కమిటీ కూర్చుని వీడికి డిప్లొమా ఇవ్వొచ్చా అని తేలుస్తుంది. ప్రిన్సిపాల్ లేదా ఆయన పంపిన మనిషి, ఆ సబ్జెక్టు చెప్పిన టీచరు, ఆ విభాగం పెద్ద, నాలుగో మనిషిగా తల్లో తండ్రో. కమిటీ ఏదో దయతలిచి పాస్ చేసేయదు. తప్పిన సబ్జెక్టులో అదనపు క్లాసులు చేయాలి, దాని మీద ఒక ప్రాజెక్టు గానీ, చేసిన పని అంతా కలిపిన ఫైలు గానీ ఇవ్వాలి. క్లాసులో గ్రేడు ఎంత, హాజరు ఎంత, పరీక్షలో ఎంత దూరంలో ఆగాడు, టీచరు ఏమంటున్నాడు, ఇవన్నీ చూస్తారు. చివరికి అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు కాదన్నా అవదు.

"నా సంతకం కూడా కావాలంట అక్కా" అని ఆవిడ రెండుసార్లు చెప్పింది నాతో. స్కూల్‌కి పిలిస్తే ఏదో చీవాట్లు తినడానికే అనుకుని వెళ్ళే అలవాటు మనది, అక్కడ ఈవిడ మాటకి వైస్ ప్రిన్సిపాల్ మాటతో సమానమైన తూకం. నేను తోడు వెళ్ళాను, గదిలోకి కాదు, బయట బెంచీ దాకా. పిల్లాడి ఫైలు మాత్రం ముందురోజు రాత్రి మా డైనింగ్ టేబుల్ మీదే సర్దారు. అందులో ఒకే వ్యాసం మూడు రూపాల్లో ఉంది: స్కూల్ ఉదయం ఇంత పెందలాడే మొదలవకూడదు అన్నది విషయం. మొదటిది ఐదారు వాక్యాలు, అన్నీ 'సో'తో మొదలైనవే. రెండోదాని మీద టీచరు ఎర్ర పెన్నుతో 'ఎందుకు?' అని నాలుగు చోట్ల రాసింది. మూడోది పేజీన్నర, అందులో 6:40 బస్సు కోసం చీకట్లో నిలబడటం, మొదటి పీరియడ్‌లో కునుకు, అన్నీ ఉన్నాయి. ఇంగ్లిష్ ఇప్పటికీ గొప్పగా ఏం లేదు, కానీ చదివినవాళ్ళకి పిల్లాడు ఏమంటున్నాడో తెలుస్తోంది. ఆ మూడు కాగితాలు పక్కపక్కన పెడితే కనిపించేది ఏ స్కోరులోనూ కనిపించదు. మీటింగు అరగంటలోపే అయిపోయింది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. క్రెడిట్లన్నీ ఉండి పరీక్ష తప్పినవాళ్ళకి టెక్సస్‌లో 'కోర్సు పూర్తిచేశాడు' అన్న సర్టిఫికెట్ ఒకటి ఇవ్వొచ్చు, డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే స్టేజీ ఎక్కి నడవనిస్తారు కూడా. టోపీ, గౌను, ఫోటోలు, వాట్సాప్‌లో అభినందనలు అన్నీ అవుతాయి, కవరులో డిప్లొమా మాత్రం ఉండదు. స్టేజీ ఎక్కనిచ్చారు కదా అంతా అయిపోయిందనుకోవద్దు, కవరు తీసి చదవండి. ఇంకోటి, ఈ స్టార్ పరీక్షనే తీసేసి 2027-28 నుంచి ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు, కాబట్టి ఇప్పుడు ఆరో ఏడో చదివే పిల్లలున్నవాళ్ళు నేను రాసిన పేర్లు, సంఖ్యలు బట్టీ పట్టక్కర్లేదు.

న్యూజెర్సీ వాళ్ళది ఇంకో తీరు. అక్కడ పదకొండో తరగతిలో ఎన్‌జేజీపీఏ అని ఇంగ్లిష్‌కి ఒకటి, లెక్కలకి ఒకటి పెడతారు. 2022లో మొదటిసారి పెట్టినప్పుడు 750 వస్తేనే పాస్ అనుకున్నారు, ఇంగ్లిష్‌లో ఆ గీత దాటినవాళ్ళు సుమారు 39 శాతం, లెక్కల్లో సగం మంది. ఆ బ్యాచ్‌కి ఆ ఫలితం లెక్కలోకి తీసుకోకుండా చట్టం చేశారు, తర్వాత 2023లో గీతని 725కి దించారు. ఒక్కసారి ఆలోచించండి, ఆ 25 మార్కుల తేడాలో పిల్లల తెలివి ఏమీ మారలేదు, మారింది బోర్డు మీటింగులో చేతులెత్తిన లెక్క. గీత దాటకపోతే శాట్, పీశాట్, యాక్ట్, అక్యుప్లేసర్ లాంటి పరీక్షల స్కోరైనా చూపించుకోవచ్చు. అదీ లేకపోతే పోర్ట్‌ఫోలియో అప్పీల్: స్కూల్లో కూర్చుని రాసిన జవాబులు, చేసిన లెక్కలు ఫైలు కట్టి స్కూల్ డిస్ట్రిక్టే రాష్ట్ర విద్యాశాఖకి పంపుతుంది. ఎడిసన్ వైపు ఉన్నవాళ్ళు దీని గురించి ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పీశాట్ ఎటూ రాస్తూనే ఉంటారు, చాలామంది పిల్లలు అది ఉత్త ప్రాక్టీసు అనుకుని సగం నిద్రలో రాసొస్తారు. గ్రాడ్యుయేషన్ దగ్గర ఇరుక్కున్నప్పుడు అదే స్కోరు కాపాడొచ్చు.

వర్జీనియా రాష్ట్ర పరీక్షల్లో 400 పాస్. తిరిగి రాసినా 375 నుంచి 399 మధ్య ఆగిన పిల్లాడికి స్థానిక స్కూల్ బోర్డు తనంతట తాను ఆ క్రెడిట్ ఇవ్వగల వెసులుబాటు ఉంది. ఒహాయోలో పరీక్ష తప్పినవాళ్ళకి సైన్యంలో చేరుతున్నట్టు కాగితం చూపినా డిప్లొమాకి ఒక దారి. న్యూయార్క్ రీజెంట్స్ పరీక్షలు పందొమ్మిదో శతాబ్దం నాటివి, 65 పాస్, 60-64 మధ్య ఆగితే అప్పీల్ ఉంది, తొమ్మిదిలోనో ఆ తర్వాతో అమెరికా వచ్చి ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకి ఇంగ్లిష్ పేపర్లో 55-59కి కూడా ఉంది. అంత పాత వ్యవస్థ కూడా 2027-28 నుంచి డిప్లొమాకి ఆ పరీక్షల్ని తప్పనిసరి చేయడం మానేస్తోంది.

ఐఈపీ (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లాడి కోసం స్కూల్ రాసే ప్రణాళిక) ఉన్న పిల్లల సంగతి దాదాపు ప్రతిచోటా వేరు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లాడికి ఏ పరీక్ష, ఎలా, అది పాసవడం డిప్లొమాకి కావాలా వద్దా అన్నది చాలాచోట్ల ఆ పిల్లాడి కోసం కూర్చున్న బృందమే తేలుస్తుంది, టెక్సస్‌లో దాన్ని ఆర్డ్ కమిటీ అంటారు. మనవాళ్ళలో ఐఈపీ అంటే పిల్లాడి నుదుటి మీద ముద్ర పడుతుందన్న భయం ఎక్కువ. ఆ ముద్ర ఏ డిప్లొమా మీదా అచ్చవదు. కానీ ఒకటి చూసుకోవాలి: మామూలు డిప్లొమా చేతికొచ్చిన రోజుతో కేంద్ర చట్టం కింద స్కూల్ ఇచ్చే ప్రత్యేక సేవలు ఆగిపోతాయి. అందుకే కొందరు తల్లిదండ్రులు కావాలనే ఇంకో రెండేళ్ళు ఆగుతారు. తొందరపడి ముగించుకునే ముందు లెక్క వేసుకోవాల్సింది ఇదే.

అసలు ఈ పరీక్షలు ఎందుకు పుట్టాయి? డెబ్బైల్లో, డిప్లొమా చేతిలో ఉన్నా దరఖాస్తు నింపలేకపోతున్నారన్న గోల వచ్చింది, కనీస సామర్థ్య పరీక్షలు పెట్టారు. ఫ్లోరిడాలో అది పెట్టగానే తప్పినవాళ్ళలో నల్లజాతి పిల్లలే చాలా ఎక్కువ, వాళ్ళేమో వేరు చేసిన, సరైన పుస్తకాలు కూడా లేని స్కూళ్ళలో చదువు మొదలుపెట్టినవాళ్ళు. 'డెబ్రా పి. వర్సెస్ టర్లింగ్టన్' అని కోర్టుకెక్కారు. 1981లో అప్పీల్ కోర్టు చెప్పిన మాట ఆ తర్వాతి ఇలాంటి కేసులకి దారి చూపించింది: నేర్పినదాన్నే పరీక్షించాలి, ముందుగా చెప్పాలి. మన దగ్గర సిలబస్‌లో లేని ప్రశ్న వస్తే గ్రేస్ మార్కులు ఇస్తారు చూడండి, అదే న్యాయం, కాకపోతే ఇక్కడ అది రాజ్యాంగం దాకా వెళ్ళింది.

నాకు ఈ పరీక్షల మీద నమ్మకం పోయింది కాలిఫోర్నియా కథ చదివాక. అక్కడ 2006 బ్యాచ్ నుంచి ఎగ్జిట్ ఎగ్జామ్ పాసైతేనే డిప్లొమా. 2015 వేసవిలో పరీక్ష నడిపే కంపెనీతో కాంట్రాక్టు అయిపోయి జూలై పరీక్షే రద్దైంది. అన్నీ పూర్తిచేసి ఆ ఒక్క పరీక్ష కోసం ఆగినవాళ్ళు, కొందరైతే కాలేజీలో సీటు వచ్చినవాళ్ళు, రాయడానికి పరీక్షే లేక ఇరుక్కుపోయారు. ఆగస్టులో హడావుడిగా చట్టం చేసి ఆ బ్యాచ్‌ని వదిలేశారు. అక్టోబరులో ఇంకో చట్టం: 2003-04 నుంచి ఆ పరీక్ష ఒక్కటే అడ్డమై ఆగిపోయినవాళ్ళందరికీ డిప్లొమాలు ఇచ్చేయమని. పదేళ్ళు డిప్లొమా లేదని ఉద్యోగాలకి వెనకాడిన మనిషికి, పోస్టులో ఒకరోజు అది వస్తే ఏమనిపించి ఉంటుంది? టెక్సస్‌లో కూడా పాత పరీక్షలు తప్పి ఆగిపోయిన పెద్దవాళ్ళకి 2017లో ఒక తలుపు తెరిచారు, వాళ్ళు చదివిన డిస్ట్రిక్ట్‌కి వెళ్ళి అడగాలి.

పరిశోధన కూడా పరీక్ష వైపు గట్టిగా నిలబడదు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2011లో అంతా కూడి చెప్పింది ఏంటంటే ఇలాంటి పరీక్షలు గ్రాడ్యుయేషన్‌ని రెండు శాతం దాకా తగ్గించాయి, చదువుని మాత్రం పైకి లేపలేదు. మసాచుసెట్స్‌లో ఇంకా సూటిగా చూశారు: నగరాల్లోని పేద పిల్లల్లో లెక్కల పరీక్షలో అంచున తప్పినవాళ్ళు, అంచున పాసైనవాళ్ళ కన్నా సమయానికి హైస్కూల్ పూర్తిచేసే అవకాశం 8 శాతం తక్కువ. ఒకటి రెండు మార్కుల తేడా, మళ్ళీ రాసుకునే అవకాశం కూడా ఉంది, అయినా సరే. 'నేను తప్పాను' అన్న మాటే పనిచేసింది అక్కడ. అదే రాష్ట్రం 2024 నవంబరులో ఓటు పెట్టి, 59 శాతం మంది అవునంటే, ఆ షరతు తీసేసింది. పరీక్ష మాత్రం ఇప్పటికీ పెడుతున్నారు, కేంద్ర చట్టం ఉంది కదా. తీసేయొద్దన్నవాళ్ళు చెప్పిందీ కొట్టిపారేసేది కాదు: గీత లేకపోతే ఒక్కో ఊరు ఒక్కో తూకం రాళ్ళు పెట్టుకుంటుంది, బలహీనమైన స్కూలు పిల్లల్ని ఊరికే పంపించేసి చేతులు దులుపుకుంటుంది. కమిటీలకీ, పోర్ట్‌ఫోలియోలకీ అదే ప్రమాదం ఉంది, ఫైలు నింపడం తప్ప నేర్పడం లేకపోతే అది కూడా ఒక ఉత్తుత్తి పరీక్షే.

ఇక జీఈడీ, అంటే స్కూల్ పూర్తిచేయనివాళ్ళు హైస్కూల్‌కి సమానమైన పత్రం కోసం రాసే పరీక్ష. పిల్లాడు తప్పగానే మన గ్రూపుల్లో ఎవరో ఒకరు 'స్కూల్ మానిపించి జీఈడీ రాయించండి, నెలలో అయిపోతుంది' అని సలహా ఇస్తారు. 1942లో యుద్ధానికి వెళ్ళిన సైనికుల కోసం మొదలైన పరీక్ష అది, ఇప్పుడు నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 145 రావాలి. పెద్దవాళ్ళకి, స్కూల్‌కి తిరిగి వెళ్ళలేనివాళ్ళకి అది నిజంగా మంచిదే. కానీ ఒక్క పరీక్ష మిగిలిన పన్నెండో తరగతి పిల్లాడిని స్కూల్ మానిపించి ఆ దారి పట్టించడం, స్టేషన్ ముందర రైలు దిగి నడవడం లాంటిది. నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్ దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసి తేల్చింది, జీఈడీ ఉన్నవాళ్ళ సంపాదన డిప్లొమా ఉన్నవాళ్ళ కన్నా చదువు మానేసినవాళ్ళకే దగ్గరగా ఉంటోందని.

ముందు కౌన్సెలర్‌కి ఈమెయిల్ రాయండి, ఫోన్ కాదు, రాతలో ఉండాలి. మావాడికి ఏ పరీక్ష మిగిలింది, దానికి బదులు ఏమేం చెల్లుతాయి, కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది, ఈ మూడూ అడగండి. టెక్సస్‌లో పదకొండు ముగిసేసరికే కమిటీ మాట ఎత్తొచ్చు, మార్చి దాకా ఆగక్కర్లేదు. మా పక్కింటావిడకి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. ఆవిడ చెల్లెలి కొడుకు పోయిన నెల హైదరాబాద్ నుంచి వచ్చి పదకొండులో చేరాడు. మొదటిరోజే వాడి మార్కుల కాగితాలు పట్టుకుని కౌన్సెలర్ గది ముందు నిలబడింది, నన్ను తోడు రమ్మనలేదు.